కర్ణసౌఖ్య కమిటీ

పానకాలరావు గారి చెవి కందిపోయిన రోజే కోటేశ్వరి చెవికి మూడిందన్న సంగతి అప్పట్లో ఎవరికీ తెలియలేదు.

పానకాలరావు గారు రాష్ట్ర తుపాకి క్రీడల ప్రోత్సాహక మండలికి కొత్త ఛైర్మన్. అంతకు ముందు ఆయన పశుగ్రాసం మండలికీ, దానికి ముందు తాటి ఉత్పత్తుల మండలికీ ఛైర్మన్‌గా చేసి, రెండిటినీ ఎక్కడివి అక్కడ ఉంచి వచ్చారు. తుపాకి అనేదాన్ని తన ఇంటి గేటు దగ్గర గన్‌మన్ భుజాన తప్ప ఆయన ఇంకెక్కడా చూసి ఎరగరు. అయినా బాధ్యతలు తీసుకున్న నాడే షూటింగ్ రేంజికి వచ్చి, తొలి తూటా తానే పేలుస్తానన్నారు.

ఆ రేంజి ఊరి చివర పత్తి మిల్లుల మధ్య మూతబడ్డ ఒక గోడౌను. పైన రేకులు, మూడు వైపులా గోడలు. పిస్టల్ పేలితే ఆ మోత రేకులకు తగిలి, గోడలకు కొట్టుకుని, తిరిగొచ్చి చెవుల్లోనే దూరుతుంది. అందుకని అక్కడ కాల్చేవాళ్ళంతా చెవులకు మఫ్‌లు పెట్టుకుంటారు. చెవి మొత్తం మూసే రెండు దొప్పలు, వాటిని కలుపుతూ నెత్తి మీదుగా ఒక పట్టీ. ఛైర్మన్ గారికి ఎవరి మఫ్‌లు ఇవ్వాలా అని అందరూ మొహాలు చూసుకుంటుంటే, కోటేశ్వరి తనవి తీసి ఇచ్చింది.

కోటేశ్వరి మిర్చి యార్డులో కాటా వేసే నరసయ్య కూతురు. పిస్టల్ విభాగంలో రాష్ట్ర జట్టుకు ఎంపికవుతుందని అందరూ అనుకుంటున్న పిల్ల. జట్టులో చోటు వస్తే రైల్వేలో ఉద్యోగం ఇంచుమించు ఖాయం. పాపం, మంచి మనసుతోనే ఇచ్చింది. కానీ ఆ పిల్ల తల చిన్నది, పానకాలరావు గారి తల హోదాకు తగ్గట్టు పెద్దది. పట్టీ బిగుసుకుంది. ఆయన రవ్వల పోగు దొప్ప కింద పడి నలిగింది. తూటా ఎటు పోయిందో తెలియదు గానీ, మర్నాడు పేపర్లో పడిన ఫొటోలో మాత్రం ఛైర్మన్ గారు చెవి ఎర్రగా కంది, జుట్టు చెదిరి, ఎవరో చెవి మెలేసినట్టు కనిపించారు.

ఆ ఫొటో చూసుకుని ఆయన క్రీడాకారుల కష్టం తలచుకుని కుమిలిపోయారు. మండలి సమావేశంలో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత బాధ అనుభవిస్తూ మన పిల్లలు ఆడుతున్నారా? సుఖం లేని చోట స్వర్ణం ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?" అన్నారు. ఆ వాక్యం సాయంత్రానికల్లా గోడల మీదికెక్కింది. ఇక ఆ జిల్లాలో క్రీడాకారుల సుఖం గురించి మాట్లాడని అధికారి లేకుండా పోయాడు.

వారం తిరక్కుండానే మండలి సభ్య కార్యదర్శి వామనమూర్తి గారు రేంజికి వచ్చి, అందర్నీ వరసలో నిలబెట్టి సర్క్యులర్ చదివారు. ఆయనకు మామూలు తెలుగు రాదని కాదు, ఆఫీసు వేళల్లో వాడరు.

"క్రీడాకారుల శ్రవణేంద్రియములకు అసౌకర్యము కలిగించుచున్న ప్రైవేటు కర్ణరక్షణ ఉపకరణముల వినియోగమును తక్షణమే నిలుపుదల చేయడమైనది. అత్యంత సౌఖ్యప్రదమైన ఉపకరణమును ఎంపిక చేయుటకై కర్ణసౌఖ్య నిర్ధారణ కమిటీని నియమించడమైనది. ఎంపిక పూర్తియగు వరకు సాధన యథాతథముగా కొనసాగవలెను."

కోచ్ మస్తాన్‌వలి గారు చెయ్యెత్తారు. "అయ్యా, సాధన జరగాలంటన్నారు. మఫ్‌లు పెట్టుకోవద్దంటన్నారు. మరి చెవుల సంగతేందండీ?"

"చెవులు కూడా యథాతథమే," అన్నారు వామనమూర్తి గారు, సర్క్యులర్ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"నా మఫ్స్ నాకు బానే ఉన్నయి సార్," అంది కోటేశ్వరి. "ఎండాకాలం కాస్త చెమట పడద్ది. అంతేగా."

"అది నీ అభిప్రాయమమ్మా. పెట్టుకునేవాళ్ళ అభిప్రాయం నిష్పాక్షికంగా ఉండదు. అందుకే కమిటీలో తుపాకి కాల్చేవాళ్ళను ఒక్కర్ని కూడా వేయలేదు."

అందరి మఫ్‌లూ పోగు చేసి, గోనెసంచిలో వేసి, మూతికి లక్క సీలు వేసి పట్టుకుపోయారు.

మర్నాటి సాధన ఎలా సాగిందో వేరే చెప్పక్కర్లేదు. కోటేశ్వరికి ఒక పక్కన పెద్ద పిస్టల్ కాల్చేవాళ్ళ లైను. ఒక్కో మోతకీ తల దిమ్మెక్కిపోయింది. ఇంటికెళ్ళి పడుకున్నా చెవుల్లో గుయ్యిమంటూ ఒకటే రొద. రెండో రోజు కాస్త దూది పెట్టుకుంటానని అడిగింది. దూది ప్రథమ చికిత్స సామగ్రి కిందికి వస్తుందనీ, గాయం చూపిస్తే ఇస్తామనీ ఆఫీసువాళ్ళు చెప్పారు. చుట్టూ పత్తి మిల్లులే, గాలికి దూది పింజలు ఎగిరొచ్చి జుట్టులో చిక్కుకుంటాయి. ఆ పింజల్ని ఏరి చెవిలో పెట్టుకుంటే, గేటు దగ్గర టార్చిలైటు పట్టుకుని చెవులు తనిఖీ చేసే ఉద్యోగిని వేశారు. ఆయన కోటేశ్వరి చెవిలోంచి పింజ లాగి, పంచనామా రాసుకున్నాడు.

మస్తాన్ గారు ఊరుకోలేక ఆ పిల్లను వెంటబెట్టుకుని వామనమూర్తి గారి దగ్గరికి వెళ్ళారు. వామనమూర్తి గారు శ్రద్ధగానే విన్నారు. ఆయన్ని అంత తేలిగ్గా తీసిపారేయడానికి లేదు, సమస్య చెబితే పరిష్కారం చూపించకుండా పంపే మనిషి కాదు.

"నీ పిస్టల్ ఒక చేత్తోనే కాల్చాలటగా?"

"అవును సార్. రూలే అట్టా ఉంది."

"మరి రెండో చెయ్యి?"

"జేబులో పెట్టుకుంటాం సార్."

వామనమూర్తి గారు కుర్చీలోంచి సగం లేచారు. "ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ పొందుతూ చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడతారా! ఆ చేతిని తక్షణం వినియోగంలోకి తెండి. ఎడమ చేతి చూపుడు వేలు ఎడమ చెవిలో. యాభై శాతం రక్షణ సాధించినట్టే. మిగతా యాభై శాతం రెండో దశలో చూద్దాం."

"కుడి చెవి ఏం పాపం చేసిందయ్యా?" అన్నారు మస్తాన్ గారు.

"మస్తాన్ గారూ, అన్నీ ఒకేసారి కావాలంటే ఏ ప్రభుత్వం వల్లా కాదు."

మానేసి ఇంట్లో కూర్చోవచ్చుగా అని ఎవరైనా అనవచ్చు. కోటేశ్వరీ అనుకుంది. కానీ పిస్టల్ మండలి లాకర్లో ఉంటుంది, కాల్చే చోటు ఇంకోటి లేదు, సాధనకు రాకపోతే సెలెక్షన్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఇన్నేళ్ళ కష్టం, వాకిట్లో నిలబడ్డ ఉద్యోగం, తండ్రి భుజాల మీది మిర్చి బస్తాలు, ఇవన్నీ ఒక పక్క. చెవి ఒక పక్క. ఆ వయసులో ఎవరైనా చెవి తట్టుకుంటుందిలే అనే అనుకుంటారు. ఎడమ చెవిలో వేలు పెట్టుకుని, కుడి చేత్తో పిస్టల్ ఎత్తి, ఆ పిల్ల కాలుస్తూనే పోయింది.

అక్కడ కమిటీ వాళ్ళు కూడా ఊరికే కూర్చోలేదు. రేంజిలో గోలగా ఉంటుంది కాబట్టి, పరీక్షలన్నీ ఆఫీసులోని ఏసీ హాల్లో పెట్టుకున్నారు. కంపెనీలవాళ్ళు రకరకాల నమూనాలు తెచ్చి బల్లల మీద పరిచారు. ముందు చెవిలో పెట్టుకునే మెత్తటి బిరడాలు చూశారు. వాటిని వేళ్ళతో నలిపి చెవిలో దూర్చుకోవాలి. గెజిటెడ్ హోదా ఉన్నవాళ్ళు నలుగురిలో చెవిలో వేలు పెట్టుకోవడం తగదని పక్కన పెట్టారు. తర్వాత ఎవరి చెవికి వారికి అచ్చు తీసి పోతపోసే రకం. అచ్చు తీస్తుంటే వామనమూర్తి గారికి చక్కిలిగింత పుట్టి పడీపడీ నవ్వారు. 'ఆహ్లాదకరం' అని రాసుకున్నారు. కానీ ఒకరిది ఇంకొకరికి పట్టదని తెలిసింది. "అధికారి బదిలీ అయితే చెవిని కొత్తవాడికి ఎలా ఛార్జి అప్పగించాలి?" అని ఆర్థిక సలహాదారు వేసిన ప్రశ్నకు జవాబు లేక అదీ పోయింది.

ఆ తర్వాత లోపల జెల్ నింపిన మెత్తటి మఫ్‌లు. వీటిని భోజనం అయ్యాక పెట్టుకుని చూశారు. ఎవరికి ఎంత తొందరగా నిద్ర పడితే అంత సౌఖ్యం ఉన్నట్టు లెక్క. పానకాలరావు గారు అన్నిటికీ మంచి మార్కులే వేశారు. ఆ పరీక్ష ఒక్కరోజుతో తేలక, పక్షం రోజులపాటు ప్రతి మధ్యాహ్నం నిష్ఠగా జరిపారు.

అలాంటి ఒక మధ్యాహ్నమే కోటేశ్వరి అక్కడికి వచ్చింది. అంతకు ముందు రోజు నాన్న ఫోన్ చేస్తే కుడి చెవి దగ్గర పెట్టుకుని, "హలో, హలో, ఇనపడతల్లా నాన్నా" అని అరిచి, సిగ్నల్ లేదనుకుని పెట్టేసింది. మళ్ళీ మోగితే ఈసారి ఎడమ చెవికి పెట్టుకుంది. నాన్న గొంతు గణగణమంటూ వినిపించింది. పోయింది సిగ్నల్ కాదని ఆ పిల్లకు అప్పుడర్థమైంది. ఎలాగైనా మఫ్‌లు వెనక్కి తెచ్చుకోవాలని మస్తాన్ గారిని తీసుకుని హాల్లోకి నడిచింది.

ఆ రోజు కమిటీ పెద్దల చెవులకు కొత్త రకం మఫ్‌లున్నాయి. పక్కన చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

"సార్, నా మఫ్స్ నాకియ్యండి సార్! చెవి పోతంది సార్!" అని ఆ పిల్ల గొంతు చించుకుని అరిచింది. ఒక్కరూ తలెత్తలేదు. మళ్ళీ అరిచింది. పానకాలరావు గారు ప్రశాంతంగా జీడిపప్పు నమిలారు. విసుగెత్తి కోటేశ్వరి పక్కకు తిరిగి, మస్తాన్ గారితో గొణిగింది. "ఈళ్ళ మొహాలు మండ. రాళ్ళకి చెప్పుకున్నా కరిగేయి."

"ఎవరి మొహాలమ్మా?" అన్నారు పానకాలరావు గారు చటుక్కున.

కంపెనీ తరఫున వచ్చినాయన గొంతు సవరించుకుని, నెమ్మదిగా చెప్పాడు. ఇందులో మైకు ఉంటుందనీ, చిన్న శబ్దాలను పెంచి వినిపిస్తుందనీ, పెద్ద శబ్దం రాగానే లైటు ఆరి మూసేస్తుందనీ. తుపాకి మోత వినపడకుండా, కోచ్ మాట మాత్రం వినపడాలని చేసిన ఏర్పాటట.

"అంటే... ఎవరైనా అరిస్తే?" అని అడిగారు పానకాలరావు గారు.

"వినపడదండీ."

"గుసగుసలాడితే?"

"అక్షరం పొల్లుపోదండీ."

పానకాలరావు గారు, వామనమూర్తి గారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత ఆనందం ఆ మొహాల్లో పదవి వచ్చిన రోజు కూడా కనిపించలేదు. "వామనమూర్తీ, ఇది తుపాకుల కోసం పుట్టిన వస్తువు కాదయ్యా," అన్నారు పానకాలరావు గారు గద్గద స్వరంతో. "పరిపాలన కోసం పుట్టింది."

కోటేశ్వరి అర్జీని పరిశీలనకు తీసుకున్నారు. ఆ మఫ్‌లను మాత్రం అక్కడికక్కడే ఎంపిక చేశారు.

సోమవారం, ఛైర్మన్ గారు ఊరందరి అర్జీలూ తీసుకునే రోజున, వాటికి అసలు పరీక్ష జరిగింది. కాలవలో నీళ్ళు లేవని వచ్చినవాడు అరిచాడు. పింఛను ఆగిందని వచ్చిన ముసలమ్మ ఏడ్చింది. లైటు వెలగడం, ఆరడం తప్ప బల్ల వెనక ఏ అలజడీ లేదు. అదే సమయంలో రెండు గదుల అవతల గుమాస్తాలు బదిలీల గురించి మాట్లాడుకున్నది మాత్రం ఛైర్మన్ గారికి పూసగుచ్చినట్టు తెలిసిపోయింది. ఫిర్యాదులు లేని ఏకైక మండలిగా దానికి పై నుంచి అభినందన వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ ఆఫీసులో అందరూ గుసగుసగా మాట్లాడటం నేర్చుకున్నారు. బిగ్గరగా మాట్లాడేవాడు ఎంత నిజం చెప్పినా లెక్కలోకి రాడని తెలిశాక, గొంతెత్తే పిచ్చివాడెవడు?

మఫ్‌లు పెట్టెల్లో దిగాయి. పంపకం హోదా ప్రకారం పై నుంచి మొదలైంది. ఛైర్మన్ గారికి, కమిటీకి, వాళ్ళ పేషీలకు, వాళ్ళ ఇళ్ళకు, హారన్ల మోత భరించలేని డ్రైవర్లకు అందాయి. అన్నిటికన్నా కింద ఉన్న క్రీడాకారుల దాకా వచ్చేసరికి పెట్టెల్లో థర్మోకోలు మిగిలింది. వాళ్ళకు వచ్చే ఏడు ఇస్తామన్నారు.

ఈలోగా కోటేశ్వరి చెవి చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పరీక్ష చేసి, కుడి చెవి నరం చచ్చిపోయిందనీ, ఇక రాదనీ చెప్పాడు. "ఎడమదైనా దక్కింది, అది కాపాడుకో" అన్నాడు. ఆ పిల్ల ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కన కూర్చున్న మస్తాన్ గారు ఏదో చెప్పి, తాను కుడి పక్కన ఉన్నానని గుర్తొచ్చి, లేచి ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆ పెద్దాయన కళ్ళల్లో కూడా నీళ్ళే.

అయినా సెలెక్షన్లకు వెళ్ళింది. బాగా కాల్చింది కూడా. మధ్యలో ఎవరిదో పిస్టల్ మొరాయిస్తే, కుడి పక్కన నిలబడ్డ రేంజి అధికారి 'ఆపండి' అన్నాడు. అందరూ ఆపారు. ఎడమ చెవిలో వేలు, కుడి చెవిలో చీకటి. కోటేశ్వరి ఇంకో తూటా పేల్చింది. అధికారి ఆదేశం విననందుకు ఆ పిల్లను పోటీలోంచి తీసేశారు. వినడమంటే ఏమిటో మరిచిపోయిన సంస్థలో వినలేదన్న నేరానికి శిక్ష పడింది ఆ పిల్ల ఒక్కదానికే.

విచారణకు పిలిచారు. బల్ల వెనక కమిటీ మొత్తం ఎర్ర లైట్లతో కూర్చుంది.

"చిన్నగా చెప్పమ్మాయ్. గొణిగినట్టు చెప్పు," అన్నారు మస్తాన్ గారు బయటే. ఆ పిల్ల సరేనంది. కానీ తన గొంతు తనకే సగం వినిపించేదానికి, ఎంత గట్టిగా మాట్లాడుతున్నదీ ఎలా తెలుస్తుంది? నోరు తెరిస్తే చాలు, పొలం గట్టు మీద నుంచి కేకేసినట్టు వస్తోంది. తన చెవి ఎలా పోయిందో, ఎవరి వల్ల పోయిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. లైట్లు ఆరిపోయి, ఆ పిల్ల ఆపాక మళ్ళీ వెలిగాయి.

"క్రీడాకారిణి ఏమీ చెప్పుకోలేదు," అని వామనమూర్తి గారు రాయించి, డాక్టరు కాగితం తీశారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు. "సార్, ఈ అమ్మాయి కుడి చెవికి ఇక ఏ శబ్దమూ వినిపించదట."

"అసౌకర్యం?" అని అడిగారు పానకాలరావు గారు.

"వినిపించని చెవికి అసౌకర్యం ఏముంటుంది సార్."

"బరువు?"

"ఉండదు సార్."

"చెమట?"

"పట్టదు సార్. జుట్టు చెదరదు. బదిలీ అయినా ఛార్జి అప్పగించే పని లేదు."

పానకాలరావు గారు బల్ల మీద చరిచారు. "ఇన్నాళ్ళూ మనం వెతుకుతున్నది ఇదేగదయ్యా!"

శిక్ష రద్దయింది. జట్టులో చోటు మాత్రం రాలేదు, అది అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. బదులుగా 'సహజ కర్ణసౌఖ్య పథకం' పుట్టింది. మిగతా క్రీడాకారులంతా కూడా ఆరు నెలల్లో ఇదే స్థాయికి చేరాలనీ, అందుకు సాధన రెట్టింపు చేయాలనీ, కోటేశ్వరి వాళ్ళకు మార్గదర్శకురాలిగా ఉండాలనీ ఉత్తర్వు వచ్చింది. రేంజిలోనే ఘనంగా సన్మానం పెట్టారు.

వేదిక వెనక పానకాలరావు గారి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఫైరింగ్ లైను మొత్తం దాని వెనక్కి పోయింది. సన్మానం అయ్యాక షూటర్లందరూ ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళి, ఛైర్మన్ గారి గౌరవార్థం ఒకేసారి తూటాలు పేల్చాలని కార్యక్రమం. వేదిక మీది పెద్దలందరి చెవులకూ మఫ్‌లున్నాయి. కింద కూర్చున్న షూటర్ల చెవులు మాత్రం యథాతథంగా ఉన్నాయి.

శాలువా కప్పి, కోటేశ్వరి చేతికి మైకిచ్చారు. పథకం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఆ పిల్ల ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లల్ని చూసింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు తల పక్కకు వాల్చి వింటున్నారు. అది చూసి కడుపు మండిపోయింది.

"నా కుడి చెవి పోయింది," అంది. రేకులు అదిరాయి. "ఇంక రాదంట. ఇది సుఖం కాదు, చెవుడు! మీరన్నా కాపాడుకోండి. ఆ ఫ్లెక్సీ ఎనక్కి పొయ్యి, పిస్టళ్ళు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, అట్టానే ఎనక గేట్లోంచి బయటికి నడవండి. మఫ్‌లు చేతికిచ్చిందాకా ఒక్కళ్ళు కూడా తూటా ముట్టుకోవద్దు. పేరు కొట్టేస్తే కొట్టెయ్యనీయండి, అందరి పేర్లూ కొట్టేసి ఎవురిని పంపిస్తారో చూద్దాం!"

చప్పట్లు మోగాయి. అందరూ లేచి నిలబడి కొట్టారు. వేదిక మీది పెద్దలకు మాటలు చేరలేదు, కొడుతున్న చేతులు మాత్రం కనిపించాయి. పానకాలరావు గారు పొంగిపోయి, లేచి అందరికీ నమస్కారం పెట్టారు. వామనమూర్తి గారు ఇక కానివ్వండన్నట్టు చెయ్యి ఊపారు. షూటర్లు వరసగా, వాళ్ళ వెనకే కోటేశ్వరీ, మస్తాన్ గారూ ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళారు. పెద్దలు కుర్చీల చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, తూటాల కోసం కాచుకుని కూర్చున్నారు.

వెనక గేటు బయట మిల్లు రోడ్డు మీద అందరూ గుంపుగా నడుస్తున్నారు. కోటేశ్వరి శాలువా తీసి చంకన పెట్టుకుంది. వేదిక మీద మైకు ఎవరూ ఆపలేదు. కాసేపటికి లౌడ్ స్పీకర్లోంచి పానకాలరావు గారి గొంతు వినిపించింది. నడిచేవాళ్ళంతా ఒక్కసారిగా ఆగి, పగలబడి నవ్వారు. ఏమైందో ఆ పిల్లకు అర్థం కాలేదు, లౌడ్ స్పీకర్ కుడి పక్కన ఉంది.

"ఏందన్నాడు సార్?"

మస్తాన్ గారు ఎడమ పక్కకు వచ్చి, చెవి దగ్గర వంగి చెప్పారు. "ఒక్క మోత కూడా ఇనపడలేదయ్యా వామనమూర్తీ, ఏం వస్తువయ్యా ఇది, అంటన్నాడు."

కోటేశ్వరి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.